కాయిల్ పొట్టిదైనకొద్దీ

మాణికేశ్వర్ నగర్‌లో మేమున్న ఇంటికి గ్యాసు లేదు. హాస్టల్లో సీటు దొరకని ఎనిమిది మంది యూనివర్సిటీ పిల్లలకు రెండు పూటలా వండి క్యారేజీలు కట్టేదాన్ని. వంటంతా కరెంటు హీటరు మీదే. గుండ్రటి మట్టి పలక, దాని గాడుల్లో మెలికలు తిరిగిన కాయిల్. స్విచ్చేస్తే ఎర్రగా కాలేది.

ఆ కాయిల్ తరచూ తెగేది. తెగిన చోట నల్లబడ్డ ముక్క తుంచేసి, రెండు కొసలూ మెలిపెట్టి, సాగదీసి మళ్ళీ గాడుల్లో కూర్చోబెట్టేదాన్ని. బస్తీలో ఆడవాళ్ళందరం అంతే. కొత్త కాయిల్ కొన్న ఇల్లు నాకు గుర్తులేదు. చిత్రం ఏమిటంటే, తెగి అతికినకొద్దీ అన్నం తొందరగా ఉడికేది.

"మీ హీటరు ముసలిదైనకొద్దీ ఉషారైతున్నదేందే" అని పక్కింటామె నవ్వేది. నా చేతి పనితనమే అనుకుని మురిసిపోయేదాన్ని. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మా ఆయన అందులో లావు రాగితీగ చుట్టాడు. ఆ తర్వాత అది ఎన్నడూ పోలేదు.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. తనంతట తాను లేవలేదు. ఆమె మంచం గోడకు ఆనించి ఉండేది. హీటరుకు పోయే వైరు ఆ గోడ మీదనే, చెక్కపట్టీలో.

చలికాలంలో ఒక పొద్దున వంట చేస్తుంటే అత్తమ్మ అంది: "పిల్లా, గీ గోడ ఎచ్చగ మంచిగున్నదే. ఈపు ఆనిస్తె పానం లేచొస్తున్నది."

నేను చెక్కపట్టీ మీద చెయ్యి పెట్టాను. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది. రబ్బరు చెప్పు కాలిన వాసన సన్నగా వస్తోంది.

మా మిద్దె మీది రేకుల గదిలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివే పిల్లవాడు అద్దెకుండేవాడు. జనగామ దగ్గరి పల్లె వాడు. క్యారేజీ కోసం దిగొస్తే గోడ చూపించాను. చెయ్యి పెట్టి చూశాడు. మర్నాడు పొద్దున్నే ల్యాబు నుంచి కరెంటు కొలిచే రెండు మీటర్లు అడిగి తెచ్చి, హీటరుకు తగిలించి స్విచ్చేశాడు. ముళ్ళు రెండూ కదిలాయి. చూసి స్విచ్చు తీసేశాడు.

"అక్కా, నీకు భాగారం వస్తదా?"

"మూడో తరగతి చదివిన. ఎందుకు రాదు?"

"అయితే చెయ్యి. వోల్టేజి రెండు వందల ఇరవై, కరెంటు ఎనిమిది ఆంపియర్లు. వోల్టేజిని కరెంటుతోటి భాగించు."

బండ మీద సుద్దముక్కతో చేశాను. ఇరవై ఏడున్నర వచ్చింది.

"గది నీ కాయిల్ అడ్డుకునే బలం. రెసిస్టెన్సు అంటరు. కొత్తగున్నప్పుడు నలభై తొమ్మిది దాక ఉంటది. నువ్వు తుంచుకుంట తుంచుకుంట సగం చేసినవ్. అడ్డు తగ్గితె కరెంటు ఎక్కువ ఉరుకుతది. ఇప్పుడు ఆ రెండింటినే హెచ్చించు."

పదిహేడు వందల అరవై.

"అన్ని వాట్లు. కొత్త కాయిల్ వెయ్యికి మించదు. గోడ మీది వైరు బల్బుల కోసం ఏసింది, ఐదు ఆంపియర్ల కంటె మోయలేదు. ఎనిమిది మోపుతున్నవ్. ఫ్యూజన్న పోయి ఆపుతుండె. దానికేమో బావ మోకంత రాగితీగ చుట్టిండు."

అత్తమ్మ మంచం మీంచి అంది: "అది గూడ నా లెక్కనే అయిందా, బిడ్డా?"

"అంతే పెద్దమ్మా. పైకి తెల్వది, లోపల కాలుతున్నది." నావైపు తిరిగాడు. "తార్నాకకు పోయి లావు వైరు తెస్తా. నేనొచ్చేదాక స్విచ్చు ముట్టకు అక్కా."

వాడు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. బియ్యం అప్పటికే కడిగి ఉన్నాయి. ఆ రోజు క్యారేజీల పిల్లలకు పరీక్షలు. కిరోసిన్ స్టవ్వుకు వత్తుల్లేవు. ఇన్ని నెలలు మోసిన వైరు ఇంకో పావుగంట మోయదా అనుకున్నాను. లెక్క చేసింది నేనే, అంకెలింకా బండ మీద ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వెళ్ళి స్విచ్చేశాను.

అంతలో వీధి నల్లా వచ్చింది. బిందె తీసుకుని పోయాను. రెండో బిందె నిండుతుండగా మా గుమ్మంలోంచి నల్లటి పొగ వచ్చింది. అత్తమ్మ అరవలేదు. అరవకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

గుమ్మం పక్కనున్న ఫ్యూజును కట్టె పప్పుగుత్తితో కొట్టి ఊడగొట్టాను. లోపల చెక్కపట్టీ పొడుగునా మంట పాకుతోంది. బొంత అంచు అంటుకుంది. ఆమె కుడిచేత్తో దాన్ని తోస్తూ, కళ్ళు పెద్దవి చేసుకుని దగ్గుతోంది. దుప్పటితో సహా కిందికి గుంజి, ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చాను. పక్కింటామె బిందెలతో నీళ్ళు కొట్టింది. అత్తమ్మ ఎడమ భుజం బొబ్బలెక్కింది. ఆ పక్కకు నొప్పి తెలియదు, అందుకే ముందు అరవలేదు; తెలిసేసరికి పొగకు గొంతు పెగల్లేదు.

ఊపిరి కుదిరాక నన్ను దగ్గరికి పిలిచింది.

"ముట్టొద్దని చెప్పిపోయిండు గదనే?"

"చెప్పిండు అత్తమ్మా."

సాయంత్రం మా ఆయన వచ్చి ఎట్లయిందని అడిగితే, నేను నోరు తెరవకముందే అత్తమ్మే చెప్పింది: "ఎలుక కొరికిందిరా వైరు." నేను కాదనలేదు. పొద్దున తెచ్చిన లావు వైరు బిగించడానికి భుజాన వేసుకుని నిలబడ్డ ఆ పిల్లవాడు నావైపు ఒక్కసారి చూసి, తలదించుకుని మిద్దె ఎక్కిపోయాడు.

తర్వాత అత్తమ్మ తన మంచం గుమ్మం దగ్గర వేయమంది. బతికిన నాలుగేళ్ళూ అక్కడే పడుకుంది. నన్ను తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను గడప దాటబోతే చాలు, కుడిచేత్తో నా చీర కుచ్చిళ్ళు పట్టుకునేది.

"ఏమేం ఏసిపెట్టి పోతున్నవ్, పిల్లా?"

ఏమీ లేదని చెప్పేదాన్ని. ఆమె నమ్మేది కాదు. మళ్ళీ లోపలికి పోయి, ఒక్కో స్విచ్చూ బందున్నదని పైకి చెప్పి వినిపించాకే బయటికి పోనిచ్చేది.