అవ్వ పొగాకుకు ఈ ఏడు పదును రాలేదు

మా చిన్నప్పుడు... అవ్వ పొగాకుకు పదునిచ్చిన మంచును మా నుంచి లాక్కున్నవాడు క్వారీ కాంట్రాక్టరు. ఈ మాట మెల్లగా చెప్పే ఓపిక నాకు లేదు.

హుకుంపేట వైపు, కొండ కింద మా ఊరు. మా ఇంట్లో పొయ్యి పైన వాసానికి ఎండిన ఆనపకాయ బుర్ర ఒకటి వేలాడేది. అందులో మా నాన్నమ్మ... మేం అవ్వ అంటాం... ఏడాదికి సరిపడా పొగాకు దాచేది. వానల్లో బుర్రను పొయ్యికి దగ్గరగా దించేది, బూజు పట్టకుండా. ఎండల్లో నీళ్లకుండ పక్కకు మార్చేది, ఆకు పొడి కాకుండా.

చలికాలం గాలికి ఆకు బిరుసెక్కేది. అప్పుడు తెల్లవారుజామున చాటలో పరిచి పెరట్లో మంచుకు పెట్టేది, మెత్తబడేందుకు. పొద్దు పొడవక ముందే లోపలికి తెచ్చి, ఒక ఆకు నా చెవి దగ్గర నలిపేది.

"ఏటినిపించిందిరా గుంటడా?"

"ఏటీ నేదవ్వా."

"అదీ పదునంటే. నీలాగ పెటపెటలాడితే పనికిరాదు."

చుట్ట చుట్టి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆవిడ నోరు కాలుతుందేమోనని నేను కళ్లు మూసుకునేవాణ్ణి...

ఒక ఏడు ఎవరో వచ్చి, కొండపైన మందు పేల్చి, రాయి చూసుకుని వెళ్లారు. మర్నాడు చాటలో ఆకుల మీద తెల్లటి పొడి. అవ్వ వేలితో తుడిచి చాలాసేపు చూసింది.

"ఇది మంచు కాదు" అంది.

ఆ రోజు చుట్ట కాల్చలేదు. ముసలిదాని చాదస్తమని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు కొండ సగం లేదు. దాని మీది చెట్లూ లేవు. ఊరంతా నీళ్లు పట్టుకునే కొండ ఊట ఎంత సన్నబడిందంటే, ఒక్క బిందె నిండేలోపు వరసలో ఉన్న ఆడవాళ్లు కూర్చునే కునుకు తీస్తున్నారు.

నిన్న తెల్లవారుజామున అవ్వ మళ్లీ చాట పెట్టింది. ఇప్పుడు ఆవిడకు చూపు ఆనదు. ఆకు తన చెవి దగ్గరే నలుపుకుంది. పటపటమని పొడైపోయింది...

"మంచు దిగనేదేట్రా?"

"దిగనేదవ్వా."

"సెట్టు నేకపోతే అది దేనిమీద కూకుంటాది? ఇంక ఊట కూడా ఎల్లిపోద్ది."

బుర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

మిగిలిన సగం కొండ కూడా తవ్వుకోవడానికి ఊరి ఒప్పుదల అడుగుతూ సోమవారం గ్రామసభ. కాంట్రాక్టరు మనిషి ఇప్పటికే తెల్లకాగితాల మీద వేలిముద్రలు అడుగుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఊరు వద్దంటే తవ్వకూడదని నేను కరపత్రాల్లో చదివాను. ఆ వద్దనే మాట ఊరు నోరు తెరిచి అనాలి.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి బుర్ర ఉండే ఉంటుంది. అందులో ఆకు ఎలా ఉందో చూసి కింద రాయండి... మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం రాసి ఊరుకోకండి. ఏ కాగితం మీదా వేలు పెట్టకండి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, సభ జరిగే మా ఊరి బడి ముందుకు బుర్రలతో రండి. సభకొచ్చే ఆఫీసరు చెవి దగ్గర ఒక్కొక్కరం ఒక్కో ఆకు నలుపుదాం.

ఏం వినిపించిందో ఆయన్ని మా అవ్వ అడుగుతుంది.