రెండో సంతకం నాదే

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది జూలైలో నన్ను మగవాళ్ల మెడికల్ వార్డుకు క్లినికల్ ట్యూటరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. మాది కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులకు దగ్గరలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రి, దానికి అనుబంధంగా నర్సింగ్ స్కూలు. క్లినికల్ ట్యూటర్ తరగతిలో పాఠం చెప్పి ఊరుకుంటే సరిపోదు. విద్యార్థినులను రోగి మంచం దగ్గర నిలబెట్టి పని నేర్పాలి. అక్కడ వాళ్లు చేసే ప్రతి పనికీ ఆమే జవాబుదారీ. హోదాలో వార్డు సిస్టరుకు సమానం, మేట్రన్‌కు కింద.

నేను పుట్టింది ఖిదిర్‌పూర్‌లోనే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి డాకు పనికి వచ్చాడు. ఆయన నాటి నుంచీ మేం క్రైస్తవులం. ఆదివారం తెలుగు ఆరాధన, పనిరోజుల్లో ఆరూ ముప్పావుకు ఆసుపత్రి చాపెల్లో ప్రార్థన నా జీవితంలో ఎన్నడూ తప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను చూసుకునేది ఏ పిల్ల ఆలస్యంగా వచ్చిందా అనే.

ఆ ఏడాది రెండో సంవత్సరం బ్యాచిలో ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలుండేవారు, చికోందీ, మెమరీ. ఇద్దరూ ఒకే పల్లెటూరి మిషన్ స్కూల్లో చదివారు. బస్సు రోడ్డు నుంచి అక్కడికి సగం రోజు నడకట. పాస్టరు రెండు నెలలకోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆరాధన నడిపించేదీ, పాటలు నేర్పేదీ, జబ్బుపడ్డ వాళ్ల దగ్గర కూర్చునేదీ పిల్లలే. హాస్టలు మేడ మీద వాళ్లిద్దరూ తెల్లవారుజామున పాడుకుంటుంటే మిగతా అమ్మాయిలు నిద్ర చెడిపోతోందని నాకు ఫిర్యాదు చేశారు. నేను పిలిచి, గొంతు తగ్గించమన్నాను. తగ్గించారు. అంతకుమించి వాళ్ల భక్తి గురించి నేను ఆలోచించలేదు.

ఇక పని సంగతి. ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు మా దగ్గర ఇద్దరు చూడాలన్నది నియమం. ఒకరు మందు సిరంజిలోకి తీస్తారు. రెండోవారు సీసా మీది పేరు, బలం, సిరంజిలోని మోతాదు, రోగి పేరు విడిగా చదివి, చార్టులో రెండో సంతకం పెడతారు. ఇన్సులిన్ సీసాలు మన దేశంలో రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకు నలభై యూనిట్లది, వంద యూనిట్లది. నలభైకి ఎర్ర మూత సిరంజి, వందకు నారింజ మూత సిరంజి వాడాలి. వంద సీసా మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే గీత చూపేదానికి రెండున్నర రెట్లు లోపలికి వెళ్తుంది. ఈ పాఠం ఏటా నేనే చెప్పేదాన్ని.

ఆ రోజు ఉదయం ఏడున్నరకు చికోందీ అప్పన్నకు ఇన్సులిన్ తీసింది. అప్పన్న డాకులో సామాను దించే పని చేసి మానేసిన మనిషి. షుగరు, కాలి మీద మానని పుండు. ఆయనకు రాసింది పన్నెండు యూనిట్లు. డాక్టర్ల రౌండు మొదలవుతోందని సిస్టరు నన్ను పిలుస్తోంది. చికోందీ సిరంజి ఎత్తి చూపించి, "పన్నెండు, మేడమ్" అంది. సిరంజి మీద గీత పన్నెండు దగ్గరే ఉంది. సీసా ట్రేలో ఉంది. నేను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. సంతకం పెట్టేసి రౌండుకు వెళ్లిపోయాను.

పదికి ఐదు నిమిషాలుందనగా కేక వినిపించింది. అప్పన్న చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ భార్యను గుర్తుపట్టడం లేదు. డెబ్బైకి తగ్గకూడని షుగరు గ్లూకోమీటరులో ముప్పై నాలుగు చూపించింది. డాక్టరు పరిగెత్తుకొచ్చి నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. పది నిమిషాలకు అప్పన్న మాట్లాడాడు.

షుగరు అలా పడిపోతే మొదట అడిగేది తిండి గురించే. ఆయన భార్య పైడమ్మను నేను అందరి ముందూ తెలుగులో నిలదీశాను.

"ఇన్సులిన్ వేశాక టిఫిను పెట్టమన్నానా లేదా? ఎందుకు పెట్టలేదు?"

"పెట్టినాను సిస్టరమ్మా. నాలుగు రొట్టిముక్కలూ, గుడ్డూ నా కళ్లముందే తిన్నాడు. ఒట్టు."

నేను నమ్మలేదు. రోగుల వెంట ఉండేవాళ్లు భయపడి అబద్ధం చెప్పడం చాలాసార్లు చూశాను. 'ఉదయం ఆహారం సరిగా తీసుకోలేదు' అని నోట్సులో రాయించాను. వార్డు సిస్టరు ఆమెను బయటికి పంపి, విజిటింగ్ టైములో తప్ప లోపలికి రానివ్వొద్దని తలుపు దగ్గర కాపలా ఉండే దర్వానుకు చెప్పింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు చికోందీ నా గదిలోకి వచ్చింది. చేతిలో ఇన్సులిన్ సీసా, ఎర్ర మూత సిరంజి ఉన్నాయి. ట్రే సర్దుతూ సీసా మీది అక్షరాలు చదివిందట. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టింది. సీసా మీద వంద అని ఉంది. ఎప్పుడూ వచ్చే నలభై సరుకు లేక స్టోరు వాళ్లు ఆ వారం వందవి పంపారు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"మేడమ్, నేను ఆయనకు పన్నెండు ఇవ్వలేదు. ముప్పై ఇచ్చాను," అంది ఇంగ్లిషులో.

అది విని నేను చేసిన మొదటి పని లేచి తలుపు వేయడం. రోగికి ఏమైందో చూడాలని గానీ, మేట్రన్‌కు ఫోను చెయ్యాలని గానీ నాకు తోచలేదు.

ఆయన కోలుకున్నాడు కదా అన్నాను. సీసాలు నేను మార్పిస్తాను, నువ్వు ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు అన్నాను. ఆమె కదల్లేదు. "ఆ అమ్మ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది, మేడమ్. తన వల్లే జరిగిందనుకుంటోంది."

ఇది బయటపడితే నిన్ను వెనక్కి పంపేస్తారని చెప్పాను. తెలుసంది. ఇద్దరి పేర్లూ పోతాయని కూడా అన్నాను. నాకంటే దాదాపు నలభై ఏళ్లు చిన్నదైన ఆ పిల్ల నా కళ్లలోకి చూసి, "నా సంగతి నేను చెబుతాను. మీది మీరు చెప్పుకోవాలి, మేడమ్," అంది. అందులో పొగరు లేదు, బెదిరింపు లేదు. అందుకే నాకు చెంప మీద కొట్టినట్టయింది.

అలా చెప్పుకోవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. స్కూల్లో శనివారం సాయంత్రం పాటకు ముందు ఒక ఆనవాయితీ ఉండేదట. ఎవరి పట్ల తప్పు చేశారో వాళ్ల దగ్గరికే వెళ్లి చెప్పిరావాలి. చెప్పి వచ్చేదాకా మిగతావాళ్లు పాట మొదలెట్టరు. ఒకసారి ఎస్నత్ అనే అమ్మాయి పరీక్షలో కాపీ కొట్టానని చెప్పింది. హెడ్మాస్టరు ఆమెను స్కూలు నుంచి తీసేశాడు. ఆమె ఇప్పుడు రోడ్డు పక్కన టమాటాలు అమ్ముకుంటోంది.

"అది చూశాక కూడా మీరంతా చెప్పుకుంటూనే ఉన్నారా?"

"మరుసటి శనివారం ఎవరికీ నోరు రాలేదు, మేడమ్. ఆ రోజు పాట కూడా లేదు. చీకటిపడేదాకా ఊరికే కూర్చున్నాం. ఆ పై శనివారం ఒకమ్మాయి లేచింది. మళ్లీ మొదలైంది."

రేపటిదాకా ఆగమన్నాను. మేట్రన్‌తో నేను నెమ్మదిగా మాట్లాడతానన్నాను. తల అడ్డంగా ఊపి బయటికి నడిచింది. ఆపాలనే ఆమె వెనక వెళ్లాను. దాచుకోకుండా రాయాలి కనుక రాస్తున్నాను.

పైడమ్మ మెట్ల మలుపులో కూర్చుని ఉంది. చికోందీ ఆమెకు రెండు మెట్లు కింద మోకాళ్ల మీద కూర్చుంది. వాళ్ల దేశంలో పెద్దవాళ్లతో ఆడపిల్లలు అలాగే మాట్లాడతారట. వచ్చీరాని బెంగాలీలో, తప్పు నాదమ్మా అని ఏదో చెప్పబోయింది. పైడమ్మ బెదిరిపోయి నా వైపు చూసింది.

"ఏటంతంది సిస్టరమ్మా ఈ పిల్ల? మా ఆయనకేటైనా అయిపోనాదా?"

చికోందీకి తెలుగు రాదు. నేను ఏం చెప్పినా ఆ మెట్ల మీద కాదనేవాళ్లు లేరు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసింది.

"మందు ఎక్కువ పడిపోయింది పైడమ్మా. పొరపాటున ఈ పిల్ల వేసింది. చూడాల్సింది నేను, చూడలేదు. నువ్వు పెట్టలేదనడం అబద్ధం."

తిడుతుందనుకున్నాను.

"నాను పెట్టినానని సెప్పినాను గదా. మన బాసలోనే సెప్పినాను. నువ్వూ మన మనిషివే గదా. అయినా నమ్మనేదు," అంది. "ఆడు సచ్చిపోతే నానే సంపీసినాననుకుని బతికీదాన్ని గదమ్మా."

ఆమె మమ్మల్ని క్షమించానని అనలేదు. చికోందీ భుజం మీద చెయ్యి వేసి లేపింది గానీ, నన్ను చూడకుండా వార్డు వైపు వెళ్లిపోయింది. ఈసారి దర్వాను ఆపబోతే నేనే వద్దన్నాను.

అక్కడి నుంచి మేమిద్దరం మేట్రన్ గదికి వెళ్లాం. ఆవిడ బెంగాలీ మనిషి, మితభాషి. మేం చెప్పేది సగంలో ఉండగానే ఫోను ఎత్తి, అన్ని వార్డుల్లోనూ ఇన్సులిన్ సీసాలు తీసి చదవమంది. కాసేపటికి ఒక్కో వార్డు నుంచీ జవాబు వచ్చింది. అదే సరుకు ఆడవాళ్ల వార్డుకూ వెళ్లింది. అక్కడ ముందురోజు ఇద్దరికి షుగరు పడిపోయింది. ఇద్దరి నోట్సులోనూ 'సరిగా తినలేదు' అనే రాసి ఉంది. వాళ్లలో ఒక ముసలావిడకు ఆ సాయంత్రం భోజనానికి ముందు ఇరవై యూనిట్లు వేయాలి. అదే సీసా, అదే సిరంజి అయితే ఆమె ఒంట్లోకి యాభై వెళ్లేది. నేను ఆగమన్నది మరుసటి రోజుదాకా.

విచారణ సంఘం మూడుసార్లు కూర్చుంది. స్టోరు వాళ్ల తప్పు, వార్డు తప్పు, నా తప్పు విడివిడిగా రాశారు. చికోందీని పంపేయలేదు, ఆమె చదువును ఆరు నెలలు వెనక్కి వేశారు. మెమరీ చదువు ముగించుకుని ఒంటరిగా ఊరికి వెళ్లింది. ఆరు నెలల తర్వాత చికోందీ కూడా పాసై, తన జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో చేరింది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, వార్డు పర్యవేక్షణ నుంచి తప్పించారు. రిటైరయ్యేదాకా తరగతి గదిలోనే ఉన్నాను. ఆ శిక్ష న్యాయమైనదే. అప్పన్న పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. పైడమ్మ నాతో మళ్లీ మాట్లాడలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. రోగి పక్కనున్న మనిషి తిన్నాడని చెబితే, తిన్నాడని చెప్పారని రాయండి. మీ ఊహను నోట్సులో రాయకండి. తప్పు జరిగితే మేట్రన్‌కు చెప్పడం నియమం. ఎవరికి జరిగిందో వాళ్లకు చెప్పడం ఆ రోజుల్లో మా నియమాల పుస్తకంలో లేదు. ఆ పల్లెటూరి స్కూలు పిల్లలకు మాత్రం అది చిన్నప్పటి నుంచీ తెలుసు.