రూతమ్మ మేడం జెయింట్ వీల్ ఎక్కిన సాయంత్రం

గత వారం కర్నూలు శివార్లలో, మా ఆఫీసు డిజైన్ చేసిన పార్కులో రంగులరాట్నం గుర్రాలకు రంగులు వేస్తున్నారు. ఎండకు కాగిన ఇనుము మీద కొత్త పెయింటు వాసన, దాని వెనకే గ్రీజు వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. పెయింటర్లు వింతగా చూశారు. వాళ్ళకేం చెప్పను? ఆ వాసన వస్తే నాకు మా రూతమ్మ మేడం గుర్తొస్తారు.

ఆవిడ కడపలో నేను ఆర్కిటెక్చర్ చదివిన కాలేజీలో లెక్చరరు. కమలాపురం దగ్గర పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి హాస్టల్లో ఉండి చదువుకున్నారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేవారు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల భాష, సంతోషం వస్తే మాత్రం ఊరి మాట.

చివరి ఏడాది ప్రాజెక్టుకు తోటివాళ్ళంతా ఆసుపత్రులు, బస్టాండ్లు ఎంచుకున్నారు. నేను థీమ్ పార్కు అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం చెయ్యెత్తి ఆపారు.

"నవ్వినారు కదా! దాని పనే అది. సగం పాసయినట్టే," అని నా వైపు తిరిగారు. "అయితే పద్మజా, ఈ పార్కుల్ని మొదట ఊహించినోళ్ళు ఎవరమ్మా?"

నాకు ఆటల పేర్లు వచ్చు. మనుషుల పేరు ఒక్కటీ రాదు.

"యంత్రాల సంగతి తర్వాత. ముందు మనుషుల్ని వెతుకు. వాళ్ళేం చదివినారో, యాడ పని నేర్చుకున్నారో చూడు. అది తెలిసినాక గీత గీద్దువు."

మా లైబ్రరీలో ఆ విషయం మీద ఒక్క పుస్తకమూ లేదు. మేడం తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఎక్కడెక్కడి నుంచో పుస్తకాల జిరాక్సులు తెప్పించారు. శనివారాలు వాళ్ళింట్లో ఉగ్గాని, బజ్జీ తింటూ చదివేవాళ్ళం. చదివేకొద్దీ ఆశ్చర్యమే. ఆ పార్కులకు రూపం ఇచ్చినవాళ్ళలో చాలామంది మా చదువు చదివినవాళ్ళు కారు. సినిమా సెట్లు వేసినవాళ్ళు, నాటకాల తెరలకు రంగులద్దినవాళ్ళు, తోటలు పెంచినవాళ్ళు. వాళ్ళ రాతల్లో ఒక మాట పదేపదే కనిపించేది. చూపించవలసినదంతా ఒకేసారి చూపించకూడదు, దారిని మలుపు తిప్పి, మనిషిలో ఆశ పుట్టించి, అప్పుడు చూపించాలి అని.

నాకది అర్థమైందనే అనుకున్నాను. మేడం ఒప్పుకోలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా, జిరాక్సుల కట్టతో వచ్చి నన్ను బస్సెక్కించి గండికోటకు తీసుకెళ్ళారు. శత్రువుల్ని ఆపడానికి కట్టిన కోట గుమ్మంలో దారి వంకర తిరుగుతుంది. ఊరు దాటి, మసీదు దాటి, రాళ్ళ మీద నడిచాం. లోయ జాడే లేదు. చివరి బండ ఎక్కేసరికి ఎదురుగా నేల రెండుగా చీలి ఉంది, ఎక్కడో అడుగున పెన్న.

"ఏమనిపించె?" అన్నారు మేడం.

"దూరం నుంచే కనిపించి ఉంటే ఇంత బాగుండేది కాదు మేడం."

"ఇప్పుడు చదివినావు పుస్తకం!" అని బండ మీద కూర్చుని, గాలికి ఎగిరిపోతున్న జిరాక్సు కాగితాల్ని ఒళ్ళో అదిమిపట్టుకుని పకపకా నవ్వారు.

ఆ తర్వాత కడపకు ఎగ్జిబిషన్ వచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివించిన మేడం జన్మలో జెయింట్ వీల్ ఎక్కలేదని అప్పుడే తెలిసింది. "ఎక్కకుండా నీ ప్రాజెక్టు మీద సంతకం ఎట్ల పెట్టేదమ్మా?" అంటూ ముందు తనే ఎక్కి కూర్చున్నారు. తొట్టికి పొద్దునే వేసిన పెయింటు ఇంకా ఆరలేదు. పట్టుచీర అంచంతా పచ్చరంగు. చక్రం పైకి లేవగానే ఆవిడ కేక మైదానమంతా వినబడింది.

"యేసయ్యా! ఆపండప్పా, ఆపండి!"

"ఇంగా శానా ఉండాదమ్మా, గట్టిగా పట్టుకో!" అన్నాడు కిందనుంచి చక్రం నడిపే ఆయన.

పక్కన కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నన్ను చూసి ఆవిడ, ఆవిడను చూసి కింద నిలబడ్డ ముసలమ్మలు, అందరం నవ్వే. దిగాక కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మేడం ఆ ముసలమ్మల్నే చూశారు.

"భయపడింది నేను. ఎక్కనోళ్ళు ఎంత నవ్వుతాండారో చూసినావా? వాళ్ళు కూచునే జాగా నీ డ్రాయింగులో యాడుండాది?"

ఎక్కడా లేదు. మొత్తం మళ్ళీ గీశాను.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన నా షీట్లు చూసి, "ఇది ఆర్కిటెక్చరా, తిరునాళ్ళా?" అన్నారు. పరీక్ష తప్పితే చదువు చాలించి మా ఎరువుల అంగట్లో కూర్చోమని మా నాయన ముందే చెప్పాడు. సాయం కోసం మేడం వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేనే మొదలుపెట్టాను. సెట్లు వేసినవాళ్ళ గురించి, తోటలవాళ్ళ గురించి, గండికోట దారి గురించి చెప్పాను. జెయింట్ వీల్ చుట్టూ నేను గీసిన అరుగుల మీద ఆయన వేలు పెట్టారు.

"ఇవెందుకు?"

"ఎక్కనివాళ్ళ కోసం సార్. మన ఎండలో ఎక్కువసేపు కాచుకునేది వాళ్ళే. అందుకే ముందు నీడ, తర్వాతే ఆట."

ఆయన కళ్ళజోడు తీశారు. "మా అమ్మ కూడా ఎక్కేది కాదు. మా చెప్పులు పట్టుకుని ఎండలో నిలబడేది," అని, షీట్లన్నీ వెనక్కి తిప్పి మొదటినుంచి చూడడం మొదలుపెట్టారు.

పాసయ్యాను. బయటికొచ్చాక ఉక్రోషంగా అడిగాను. "ఒక్క మాటన్నా సాయం రాలేదేం మేడం?"

"నేను మాట్లాడింటే అది నాదయ్యేది. నీది కావల్ల కదా!" అన్నారు. "రా, చెరుకురసం తాగుదాం."

ఇప్పుడు ఆవిడ రిటైరై కమలాపురంలో ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా కర్నూలు పార్కు ఎప్పుడు తెరుస్తావని తగులుకుంటారు. ఈ ఏడాది అదే కాలేజీ వాళ్ళు నన్ను పరీక్షకురాలిగా పిలిచారు. నా పక్కన కూర్చున్నాయన అడిగిన ప్రశ్నకు ఒక అమ్మాయి తడబడి, నా వైపు చూసింది. జవాబు నా నాలుక చివరే ఉంది. నేను మొహం తిప్పుకుని కిటికీ బయట వేపచెట్టును చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి తన షీట్లు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"నేను చెప్తా సార్," అంది.