మామూలు పెట్రోలు చాలన్న మాట

గుణదలలో ఫిలిప్ షెడ్డుకు బోర్డు లేదు. పాత మూడువందల యాభై సీసీ బళ్ళున్నవాళ్ళు ఒకరినొకరు అడుగుతూ వస్తారు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ల పక్కన ఇరవై ఏళ్ళు చూసి, చేసి, చెడగొట్టి నేర్చుకున్న పని అతనిది. ఏం చేశావని ఎవరైనా అడిగితే, "చెప్పేదేముందండీ, స్టార్ట్ చేసి వినండి" అంటాడు.

కంకిపాడులో విత్తనాల కొట్టు నడిపే వెంకటకృష్ణారావు తన బండి లాగుడు పెంచమన్నాడు. ఫిలిప్ తల ఎత్తుగా ఉండే పిస్టన్ వేసి, సిలిండర్ హెడ్డును లేత్ మీద కాస్త చెక్కించాడు. అలా చేస్తే ఇంజన్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరిగిందో తెలియడానికి ప్లగ్గు రంధ్రంలోంచి సిరంజితో నూనె పోసి, లోపల మిగిలిన చోటు కొలవాలి. ఎప్పుడూ కొలిచేవాడే. ఆ వారం మేరీమాత తిరునాళ్ళు. ఇంటినిండా చుట్టాలు, షెడ్డు ముందు ఏడు బళ్ళు. ఇలాంటివి ఎన్ని చెయ్యలేదు అనుకుని హెడ్డు బిగించేశాడు.

"ప్రీమియం పోయించాలా, మామూలు సరిపోద్దా?" అని రావుగారు అడిగాడు.

"మామూలుదే చాలండీ. ఊరికే ఎందుకు?"

ఎనిమిదో రోజున బండి ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది.

"కల్తీ పెట్రోలయ్యా ఫిలిప్పూ! మా కాలవ గట్టు మీద బంకులో పోయించా. పంపు దగ్గరుండే ఆ సంపూర్ణమ్మే కొట్టింది. అంతేనంటావా?"

ఇంజన్ ఇంకా విప్పలేదు. అయినా ఫిలిప్ తలూపాడు. "అయ్యుండొచ్చండీ."

రావుగారు వెళ్ళాక విప్పాడు. పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేశాడు. మరక లేకుండా ఆరిపోయింది, కల్తీ లేదు. అదే రకం కొత్త పిస్టన్ పెట్టి, హెడ్డు బిగించి, ఈసారి సిరంజి తీశాడు. ఒత్తిడి తొమ్మిదిన్నర రెట్లు దాటదని అనుకున్నది పదకొండు దాటింది.

ఆక్టేన్ ఎక్కువుంటే బండి ఉరుకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒత్తిడికి తనంతట తాను ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. మామూలుది తొంభై ఒకటి, ప్రీమియం తొంభై అయిదు. పదకొండు దాటిన ఈ ఇంజన్‌కు తొంభై ఒకటి చాలదు. లోపల కటకటమంటూ పిస్టన్ దెబ్బలు తిన్నది. సైలెన్సర్ మోతలో రావుగారికి అది వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే రావుగారి ఫోన్. "ఆ సంపూర్ణమ్మని పంపు దగ్గర్నుంచి తీసేశారయ్యా. ఫిలిప్పే చెప్పాడని బంకులో అన్నాను. ఇంక ఎవడూ నోరెత్తలా."

ఫిలిప్ సరేనండీ అని ఫోన్ పెట్టేశాడు. మూడు రోజులు ఏ బండి విప్పినా తన తలూపుడే గుర్తొచ్చింది. కొలవకపోవడం ఒక తప్పు. దానికి మొహం కూడా తెలియని మనిషిని అడ్డం పెట్టుకోవడం అంతకంటే నీచం. ఆదివారం గుడిలో మోకరించాడు గాని ప్రార్థన సాగలేదు. మధ్యలోనే లేచి రావుగారికి ఫోన్ చేసి ఉన్నది చెప్పాడు.

"ముందే ఏడవచ్చుగా! ఊరంతా అరిచొచ్చాను కదయ్యా!"

బండి మళ్ళీ చేసిస్తానని చెప్పి, పాత పిస్టన్ గుడ్డలో చుట్టుకుని బంకుకు వెళ్ళాడు. సంపూర్ణమ్మ బంకు వెనకాల బాత్రూములు కడుగుతోంది. ఫిలిప్ బంకు యజమాని బల్ల మీద పిస్టన్ పెట్టాడు.

"మీ పెట్రోలు మంచిదేనండీ. ఇది నా చేతి తప్పు. ఆవిడ తప్పేం లేదు."

యజమాని పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, సంపూర్ణమ్మను పిలిచి పంపు దగ్గరికి పొమ్మన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ ఫిలిప్‌ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? ఈయనకి చెప్తే సరిపోద్దా? నాలుగు రోజుల్నుంచి ఊరంతా నన్ను కల్తీది అంటన్నారు. వాళ్ళకెవరు చెప్తారు, మీ నాయనా?"

ఫిలిప్ వెళ్ళిపోలేకపోయాడు. పంపు పక్కనే నిలబడి, వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. మాటలు వరసకు రావు. ఆక్టేన్ దగ్గర మొదలుపెట్టి రావుగారి దగ్గర తడబడతాడు. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ఎండ నడినెత్తికొచ్చే సరికి గొంతు బొంగురుపోయింది.

"ఎంతిచ్చారేంటి బావా, ఇట్టా చెప్పమని?" అన్నాడొక కుర్రాడు బండి మీంచి దిగకుండానే.

ఫిలిప్ మళ్ళీ ఆక్టేన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

"ఆయనకి మాట్టాడ్డం రాదులే. నువ్వు మూత తియ్యి. మీటర్లో జీరో చూసుకో," అంది సంపూర్ణమ్మ.