నేతి కొట్టు బసవపున్నయ్య భోజనం

విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందు మలుపున బసవపున్నయ్యకు నేతి కొట్టుంది. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే గేదె నెయ్యి పూస కట్టి, మునగాకు వాసన వేస్తుంటుంది. ఎవరొచ్చినా ముందు తన అరచేతిలో చుక్క వేసుకుని నాకి, "బావుందండీ" అన్నాకే అమ్మడం ఆయన పద్ధతి. ఇంట్లోనూ అంతే. వేడన్నంలో నెయ్యి తేలాలి, వారానికి మూడుసార్లు నీచుండాలి, చివర్న గడ్డపెరుగు లేకపోతే అది భోజనమే కాదు.

యాభై ఎనిమిదో ఏట, కిందటి దసరాల రద్దీలో, నేతి డబ్బా పై అరలో పెడుతుంటే గుండె పట్టేసినట్టయింది. ఒళ్లంతా చెమటలు పట్టి అక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటోందని, షుగరూ మొదలైందని చెప్పారు. తిండి మార్చుకోకపోతే మందులొక్కటే చాలవన్నాడు డాక్టరు.

కూతురు జ్యోతిర్మయి గుంటూరులో టీచరు. ఏడాదిగా వీగన్ తిండే తింటోంది. "మాంసం, చేపలు, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా వద్దు నాన్నా. మూడు నెలలు చూడు" అంది. డాక్టరు కాదనలేదు. మందులు మాత్రం ఆపొద్దని, బి12 మాత్ర వేసుకోవాలని చెప్పాడు.

"నేతి కొట్టువాణ్ణి నెయ్యి మానమంటే ఎట్టాగమ్మా?" అన్నాడు బసవపున్నయ్య. అన్నాడే గాని, ఆ కూలబడ్డ నిమిషం మరిచిపోలేదు. మర్నాటి నుంచే మొదలెట్టాడు.

నీచు మానడం అనుకున్నంత కష్టం కాలేదు. పప్పులో నువ్వులనూనె వేసుకోవడమూ అలవాటైంది. పెరుగు దగ్గరే ప్రాణం విలవిల్లాడింది. కూరతో, పచ్చడితో తిని చెయ్యి కడుక్కుంటే సగంలో లేచినట్టుండేది. మూడో వారం ఆయన మొహం చూడలేక భార్య నాగమల్లేశ్వరి, కూతురు ఫోన్లో చెప్పిన ప్రకారం వేరుశనగ గుళ్లు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కాచింది. గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టింది. మొదటిసారి నీళ్లు నీళ్లుగా విరిగింది. రెండోసారి జిగురొచ్చింది. మూడోసారి గిన్నె వంచినా కదల్లేదు.

"శనగ్గుళ్ల వాసనొస్తోంది" అన్నాడు మొదటి ముద్ద తిని.

"వస్తే వచ్చింది. పుల్లగా ఉందో లేదో చెప్పండి."

"ఉంది."

మాగాయ నంజుకుని గిన్నె ఖాళీ చేశాడు.

ఇంట్లో సర్దుకుంది గాని కొట్లో చిక్కొచ్చింది. పద్మావతమ్మగారు పాతికేళ్లుగా ఆయన దగ్గరే నెయ్యి కొంటున్నారు. మనవరాలి కోసం సున్నుండలు చేద్దామని వచ్చి, ఆయన వాసన మాత్రం చూసి డబ్బా మూత పెట్టడం గమనించారు.

"అదేంటి పున్నయ్యగారూ, రుచి చూళ్లేదు?"

ఏదో ఒక అబద్ధం చెప్పేద్దామనే అనుకున్నాడు. నోరు రాలేదు.

"నేను మానేశానండీ. ఒంట్లో బాగోలేదు. పాలు, పెరుగు కూడా లేవు."

"మీరు తినంది మాకమ్ముతారా?"

"మంచి నెయ్యేనండీ, అందులో అనుమానం లేదు. ముప్పై ఏళ్లు హద్దూ అదుపూ లేకుండా తిన్నాను. నా ఒంటికి ఇక చాలు. మీరు చూడండి, నచ్చితేనే తీసుకోండి."

ఆవిడ చెయ్యి చాచారు. ఆయన వేసిన చుక్క నాకి, "బాగుంది" అన్నారు. కిలో కోసం వచ్చిన మనిషి అరకిలోయే తీసుకుని, "మా వారికీ కొవ్వుందన్నారు లెండి" అంటూ వెళ్లారు. బేరం సగానికి తగ్గినా బసవపున్నయ్యకు బరువు దిగినట్టయింది. ఆనాటి నుంచి ఎవరడిగినా ఉన్నమాటే చెబుతున్నాడు.

ఆరు నెలలకు చేయించిన పరీక్షల్లో కొవ్వు బాగా తగ్గింది, షుగరు అదుపులోకొచ్చింది. చొక్కాలన్నీ వదులయ్యాయి.

మొన్న చల్లపల్లిలో చెల్లెలు సీతారావమ్మ గృహప్రవేశానికి వెళ్లాడు. ఆవిడ విస్తట్లో నెయ్యి వెయ్యబోయి, గుర్తొచ్చి ఆగింది.

"ఏం తింటావన్నయ్యా మరి?" అంది కాస్త చిన్నబుచ్చుకుని.

"మామిడికాయ పప్పుంది, గుత్తివంకాయుంది, గోంగూరుంది. ఇంకేం కావాలే? నువ్వు వడ్డించు."

పప్పు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. భోజనాలయ్యాక, కాలవగట్టు మీదుగా చేను దాకా నడిచొద్దామని బావగారంటే, అందరికన్నా ముందు చెప్పులేసుకుంది ఆయనే.