వెనక నుంచి జవాబు

వెంకటముని భుజం మీద దుంగ పెట్టి పారిపోయిన ముగ్గురూ అతని వీధివాళ్లే. వెదురు మోసే పని అని చెప్పి కొండలోకి తీసుకెళ్లారు. తాను మోస్తున్నది ఎర్రచందనమని అతనికి తెలిసేలోపే కింద జీపు చప్పుడైంది. ముగ్గురూ చెట్లలో కలిసిపోయారు. "అన్నా, యాడుండారు?" అని అతను అరిచాడు. ఆ అరుపును బట్టే అటవీ సిబ్బంది వచ్చి పట్టుకున్నారు. జైలు నుంచి బయటికి వచ్చేసరికి తల్లి లేదు. ఆ ముగ్గురిలో ఒకడు అదే వీధిలో మేడ కట్టుకున్నాడు. ఎదురుపడితే "బాగుండావా మునీ" అని పలకరిస్తాడు కూడా.

రేణిగుంట గోదాములో పెట్టెలు దించే పనిలో నాకు అతను పరిచయమయ్యాడు. నలభై దాటిన మనిషి. కొండ కనబడకుండా వీపు తిప్పుకుని అన్నం తినేవాడు. తిరుపతి చుట్టుపక్కల అలా కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి.

అతనికి షుగరు ఉందని గోదాముకు పరీక్షలు చేయడానికి వచ్చిన నర్సు కోమలి చెప్పింది. ఆమె ఆదివారాలు చంద్రగిరి వైపు కొండ అంచు బాటల్లో పరిగెత్తే గుంపులో మనిషి. అతన్నీ రమ్మంది.

"కొండా? నేను రాను మేడం."

"లోపలికి పోమప్పా, అంచునే. ఎవుర్నీ వదిలేసి రాము."

ఆ చివరి మాటకే అతను ఒప్పుకున్నాడని నా అనుమానం. తోడుగా నన్నూ లాక్కెళ్లాడు.

గుంపుకు ముందు నడిచేది రామానుజ. దేవస్థానం ఆఫీసులో ఉద్యోగం. ప్రతి మలుపులో ఆగి "గోవిందా!" అని కేకేస్తాడు. అందరికన్నా వెనకున్నవాళ్లు "గోవిందా!" అంటేనే గుంపు ముందుకు కదులుతుంది. వెంకటముని ఎప్పుడూ మధ్యలోనే పరిగెత్తేవాడు.

"ఏమప్పా మునీ, మధ్యలో ఉండేవాణ్ణి చిరుతపులి తినకూడదని యాడన్నా రాసుండాదా?" అని రామానుజ ఎగతాళి చేసేవాడు.

"తింటే తిన్నీ సామీ. నా వెనక ఇంకొకరుంటే సాలు."

పరుగయ్యాక టీ కొట్టు దగ్గర కోమలి అతని గ్లాసు లాక్కునేది. "దీంట్లో చక్కెర ఎవురేసినారు?"

"నేను గాదు మేడం, స్పూను."

జైలు తరవాత అతను నవ్వింది ఆ కొట్టు దగ్గరే.

ఒక వానాకాలం ఉదయం, మంచు కమ్మి ఉంది. బూటు తాడు కట్టుకోవడానికి వెంకటముని వంగాడు. అందరం అతన్ని దాటేశాం; ఇప్పుడు అందరికన్నా వెనక అతనే. మలుపు దగ్గర రామానుజ "గోవిందా!" అన్నాడు. జవాబు గట్టిగా వచ్చింది. కదిలాం. తరవాతి మలుపులోనూ జవాబు వచ్చింది. కోమలి ఆగిపోయింది.

"అన్ని గొంతులేంది సామీ? ఆడోళ్ల గొంతులు గూడా ఉండాయి. మునన్న యాడ?"

లోయకు అవతల శ్రీవారి మెట్టు దారిలో తిరుమల ఎక్కుతున్న భక్తులు మా కేకకు బదులిస్తున్నారు. కొండెక్కే వాళ్లెవరైనా అంతే కదా. మా వెనక మాత్రం ఎవరూ లేరు.

అందరం వెనక్కి పరిగెత్తాం. పేరు పెట్టి పిలిచాం. పలుకు లేదు. పొదల్లో ఏదో కదిలి ఆగింది. ఆ పక్కకు చూడడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. కింద అడవి దారిలో జీపు వస్తున్న చప్పుడు.

ఒక బండ వెనక ముడుచుకుని కనబడ్డాడు. మమ్మల్ని అందుకోబోయి జారాడేమో, చీలమండ వాచిపోయింది. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

"మేము పిలిచేది వినబడలేదా అన్నా?" అన్నాను.

తువ్వాలు తీశాడు. "వినబడినాదిరా. జీపొస్తా ఉండాది గదా. పలికితే వాళ్లొచ్చి నన్ను పట్టుకుంటారు. మీరు ఎల్లిపోతారు."

రామానుజ ఆ బురదలోనే అతని ముందు కూలబడ్డాడు. "ఎవురూ పోలేదప్పా. సూడు, అందరమూ ఈడే ఉండాము."

వెంకటముని ఒక్కొక్కరి ముఖం వంకా చూశాడు. నమ్మినట్టు లేడు. కింద దారిలో ఆగిన జీపు డ్రైవరు ఎక్కించుకుంటానన్నా అతను ఎక్కలేదు. నా చెయ్యి వదల్లేదు. వంతులేసుకుని భుజాల మీద కిందికి మోసుకొచ్చాం. దారంతా తల తిప్పి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఇక రాడనుకున్నాం. కాలు బాగుపడ్డ మొదటి ఆదివారమే వచ్చాడు. "సామీ, ఇంక వెనక నేనుంటా," అన్నాడు. రామానుజ వద్దన్నాడు. అతను వినలేదు. అప్పట్నుంచి గుంపులో గోవిందా కేక లేదు. వెనకున్నవాళ్లు తమ పేరే చెప్పాలి. "వెంకటముని ఉండాడు!" అని వణికే గొంతు వినబడ్డాకే మేం కదిలేవాళ్లం.

నాకు తడ అనే ఊళ్లో పని దొరికింది. రేణిగుంట స్టేషనుకు సాగనంపడానికి వచ్చాడు.

"భయం పోయిందా అన్నా?"

"యాడ పోతాదిరా! నా వెనక ఎవురూ లేరనుకుంటే వీపంతా సల్లబడతాది. అట్లే పరిగెత్తతా." రైలు కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచాడు. "ఆడ కొత్తోళ్లతో తిరుగుతావు. పిల్సినప్పుడు జవాబొచ్చిందిలే అని పోవద్దురా. ఎవురు పలికినారో సూసుకో."