అంగారకుడి మీద టెంకాయ

ఎవరూ పెద్దగా చదవని సైన్స్ ఫిక్షన్ నవలలు చెప్పమని గ్రూపులో అడిగారు. పొద్దున మా చేనులో బోరు వేస్తుంటే లేచిన దుమ్ము వాసనకు ఒకటి గుర్తొచ్చింది. పత్తికొండలో అద్దె పుస్తకాల అంగడి ఉండేది, గుర్తుందా? అక్కడ తెచ్చిన అట్ట లేని నవల. అంగారకుడి మీద మనుషులు నీళ్ల కోసం ఎర్రమట్టిని తవ్వుతుంటారు. అప్పట్లో నేను పైకి చదువుతుంటే, శనక్కాయలు ఒలుస్తూ మా అవ్వ అడిగింది.

"అరచేతిలో టెంకాయ పెట్టుకోని భూమిలో నీళ్లు చూసే ఆయప్పను పిలవలేదా వాళ్లు?"

"ఆడ టెంకాయలు ఉండవవ్వా."

"అట్లయితే యాడ పడతాయి నీళ్లు!"

ఆఖరి పేజీలు ఎవరో చింపేశారు. నీళ్లు పడ్డాయో లేదో తెలియలేదు. పేరు తెలిస్తే చెప్పండి, దొరికితే చదవండి.

మేము టెంకాయతో నీళ్లు చూపించాకే బోరు వేయిస్తున్నాం. ఊరికే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రమైనా దుమ్మే వస్తోంది.